బంగారం ఇచ్చి ఇనుము

బంగారం విషయంలో మన ఆడవాళ్ళని మోసం చెయ్యడం అంత తేలిక కాదు. గొలుసు చేతిలో పడగానే బరువు అంచనా కడతాం, కొక్కెం దగ్గర అతుకు చూస్తాం, గీటురాయి మీద గీసి చూపించమంటాం. ఈ విద్య ఏ కాలేజీలోనూ చెప్పరు. ఒక నవలలో పాతవస్తువులు పోగుచేసే మనిషిని పెడదామని జర్మనీ సైనిక పతకాల గురించి చదువుతుంటే, అక్కడా ఇదే విద్య కనిపించి ముచ్చటేసింది.

వాటిలో బాగా పేరుపడింది ఐరన్ క్రాస్. నెపోలియన్‌తో యుద్ధానికి దిగుతూ, 1813లో ప్రష్యా రాజు మూడో ఫ్రెడ్రిక్ విల్‌హెల్మ్ దాన్ని నెలకొల్పాడు. స్థాపన తేదీ మార్చి 10. మూడేళ్ళ క్రితం పోయిన ఆయన భార్య లూయిజా రాణి పుట్టినరోజు అది! తర్వాత 1870, 1914, 1939లలో మళ్ళీ ఇచ్చారు.

అసలుదో నకిలీదో ఎలా తెలుస్తుందంటారా? మధ్యలో నల్లరంగు వేసిన ఇనప బిళ్ళ. ముందొకటి, వెనకొకటి వెండి చట్రాలు పెట్టి టంకం వేస్తారు. అంటే మూడు ముక్కలన్నమాట. నకిలీవాడికి అంత ఓపిక ఎక్కడిది? చాలాసార్లు ఒకే అచ్చులో పోతపోసి రంగు పూసేస్తాడు. అందుకని భూతద్దంతో అంచున అతుకు గీత వెతుకుతారు. చట్రం మీది పూసల వరస అసలుదాంట్లో గింజగింజగా తేరి వుంటుంది, పోతలో మొద్దుబారిపోతుంది. అయస్కాంతం కూడా పెట్టి చూస్తారు. కానీ అంటుకోనంతమాత్రాన నకిలీ అనడానికి లేదు, ఇత్తడి బిళ్ళలు వేసినవీ వున్నాయి. ముద్ర చూద్దామంటే, దొంగముద్ర కొట్టడం ఎంతసేపు?

ఇంకో చిక్కుంది. స్వస్తిక గుర్తు తీసేస్తే ఆ యుద్ధపు పతకాలు పెట్టుకోవచ్చని పశ్చిమ జర్మనీ 1957లో చట్టం చేసింది. ఆ గుర్తు లేకుండా కొత్తగా చేసినవి నకిలీవా? కాదు. యుద్ధంలో ఇచ్చినవా? అవీ కాదు! అందుకే అనుభవజ్ఞులు, వస్తువును చూసి కొను, దాంతో చెప్పే కథను చూసి కొనకు అంటారు. కథలమ్ముకునే నాబోటివాళ్ళకి కాస్త గుచ్చుకునే మాటే.

కానీ కథ లేకపోతే మిగిలేదేమిటి చెప్పండి? ఆ 1813లోనే, మారియానే యువరాణి పిలుపు విని ప్రష్యా స్త్రీలు యుద్ధం ఖర్చుకి నగలు ఒలిచి ఇచ్చారు. బదులుగా వాళ్ళకి ఇనప ఉంగరాలు వచ్చాయి. బంగారం ఇచ్చి ఇనుము తీసుకున్నానని వాటిమీద రాసి వుండేది.

హిట్లర్ మరో అడుగు వేశాడు. 1938 డిసెంబరు 16న తల్లులకే పతకం పెట్టాడు. నలుగురైదుగురిని కంటే కంచు, ఆరేడుగురైతే వెండి, ఎనిమిదీ ఆపైన అయితే బంగారు రంగుది. యూదు తల్లులకు మాత్రం లేదు. తొమ్మిది నెలలు నిండకుండానే, 1939 సెప్టెంబరు 1న యుద్ధం మొదలైంది.

ఇప్పుడు వాటినీ బల్లమీద పెట్టి, ఎనామెల్ పెచ్చు లేచిందా, వెనక తేదీ సరిగ్గా వుందా అని చూసి ధర కడుతున్నారు. అసలుదేనని తేలిందనుకోండి, కొన్నవాడు సంబరపడతాడు. అంటే నిజంగానే ఒక తల్లి ఎనిమిదిమందిని కన్నదనేగా! వాళ్ళలో ఎందరు ఇంటికి తిరిగొచ్చారో పతకం వెనక రాయలేదు.