పత్తర్‌గట్టిలో తాతయ్య షేర్వానీ

తమ్ముడి పెళ్లి కుదిరిన వారానికి అమ్మ ట్రంకు పెట్టె అడుగు నుంచి ఓ మూట బయటికి తీసింది. కలరా ఉండల వాసన గుప్పుమంది. పాత పంచెగుడ్డ విప్పితే లోపల నల్లటి షేర్వానీ. నల్లగొండ కచేరీలో గుమస్తాగా పనిచేసిన తాతయ్య 1951లో తన పెళ్లికి కుట్టించుకున్నదట. తాళి కట్టింది పంచెలోనే అయినా, ఊరేగింపుకి మాత్రం ఇదే. 'రిసెప్షన్‌కి వాడిదే వేసుకుంటానంటున్నాడు. కాస్త సరిచేయించుకురా' అంది అమ్మ.

చెప్పినంత తేలికా! తాతయ్య రివటలా ఉండేవాడు. మావాడు వారానికి ఆరు రోజులు జిమ్ముకెళ్తాడు. తొడిగి చూస్తే ముందు రెండు అంచులకీ మధ్య మూడు వేళ్ల ఎడం. ఓ పెద్ద టైలరింగ్ షాపులో చూపిస్తే, 'లోపలిదంతా పీకేసి కొత్త బక్రం అతికించేస్తాం, రెండ్రోజుల పని' అన్నారు. పీకేయడం అన్న మాట ఎందుకో మనసుకి పట్టలేదు. తెలిసినాయన ఒకరు పాతబస్తీ అడ్రసు చెప్పారు. పెళ్లికింకా ఇరవై రెండు రోజులుంది.

అఫ్జల్‌గంజ్ దాటి, మూసీ మీది నయాపూల్ దిగితే మదీనా బిల్డింగ్. అక్కణ్నుంచి చార్మినార్ వైపు వెళ్లే దారికి అటూ ఇటూ రాతి కమాన్ల వరస... అదే పత్తర్‌గట్టి. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచెత్తాక, 1912లో ఏర్పాటైన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన బజారిది. ముత్యాల దుకాణాలు, అత్తరు సీసాలు, బొమ్మలకి తొడిగిన తళుకుల రెడీమేడ్ షేర్వానీలు దాటుకుంటూ పోతే, రెండు కొట్ల మధ్య మనిషి పట్టేంత మెట్లదారి. పైన చిన్న గది. కిటికీ పక్కన చాప మీద కూర్చుని ఓ పెద్దాయన సూదికి దారం ఎక్కిస్తున్నారు.

ఒకప్పుడు హైదరాబాద్ రాజ్యంలో షేర్వానీ అంటే పెళ్లిబట్ట కాదు, రోజువారీ బట్ట. గుమస్తాలూ వకీళ్లూ దీంట్లోనే కనిపించేవారు. హిందువులా ముస్లిములా అన్న తేడా లేదు. ఉస్మానియా యూనివర్సిటీ తొలినాళ్లలో విద్యార్థులు దీంతోనే క్లాసులకెళ్లేవారు. ఉన్నవాళ్లు ఔరంగాబాద్ హిమ్రూ గుడ్డతో కుట్టించుకునేవారు. నూలూ పట్టూ కలిపి నేసిన గుడ్డ అది. 1956 దాకా ఔరంగాబాద్ కూడా ఈ రాజ్యంలోదేగా! ఆ తర్వాత ప్యాంటూ చొక్కా వచ్చి షేర్వానీని పెళ్లిళ్లకి పరిమితం చేశాయి.

పెద్దాయన షేర్వానీని ఒళ్లో వేసుకుని, తలకిందులు చేసి, కింది అంచు దగ్గర అస్తరు కుట్లు నాలుగు విప్పారు. లోపల చెయ్యిపెట్టి తడిమారు. ముఖం విప్పారింది.

'ఇది జిగురు కోటు కాదు బేటా, కుట్టిన కోటు' అన్నారు.

తేడా ఏంటో చూపించమన్నాను. పైగుడ్డకీ అస్తరుకీ మధ్య ఛాతీ దగ్గర మరో పొర ఉంది... కాన్వాస్. మంచి పనిలో గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిందే వాడతారు. ముందే నీళ్లలో నానబెట్టి ఆరబెడతారు, తర్వాత ముడుచుకోకుండా. దాన్ని పైగుడ్డకి వందలకొద్దీ చిన్న వాలుకుట్లతో పట్టిస్తారు. సూది పైగుడ్డలోంచి ఒక్క పోగునే అందుకోవాలి. రెండు పోగులు అందుకుందా, బయటికి చుక్కలా కనిపిస్తుంది. కుట్టేటప్పుడు గుడ్డను ఎడమచేతి వేళ్ల మీద వంచి పట్టుకుంటారు. కుట్టు పూర్తయి చెయ్యి తీసేసినా ఆ వంపు అలాగే నిలబడుతుంది. ఛాతీ నిండుగా కనిపించేది అందుకే. అతికించే బక్రానికి ఇంత శ్రమ లేదు. వేడికి జిగురు కరిగి పట్టేసుకుంటుంది. కానీ డ్రైక్లీనింగ్‌కి వెళ్లగా వెళ్లగా జిగురు వదిలి, గుడ్డ మీద బుడగలు లేస్తాయి.

'అయితే మిషనే వాడరా చాచా?' అంటే నవ్వారు. 'పొడుగు కుట్లు మిషన్ మీదే. కాలరు, చేతులు, కాజాలు మాత్రం సూదే.'

అసలు సంగతి పక్క కుట్లు విప్పినప్పుడు బయటపడింది. ఒక్కో కుట్టు దగ్గర రెండు వైపులా అంగుళానికి పైగా గుడ్డ లోపలికి మడిచి ఉంది. ఆనాటి దర్జీ, పేరైనా తెలియని మనిషి, ఈ సన్నటి కుర్రాడు రేపు లావెక్కుతాడని మిగిల్చాడన్నమాట. తాతయ్య లావెక్కనే లేదు. ఆ గుడ్డ డెబ్బై ఏళ్లకు పైగా అలాగే ఉండిపోయింది.

ఓ చిక్కుంది. పైన కనిపించే గుడ్డ వెలిసి గోధుమరంగు ఛాయకొచ్చింది. లోపలిది ఇంకా నిగనిగలాడే నలుపే. వదులు చేస్తే ఆ నలుపు చంక కింది నుంచి చారలా కనబడుతుంది. 'రంగు వేయిస్తే?' అన్నాను. 'గుడ్డ పోతుంది' అని ఒక్కమాటలో తేల్చేశారు. చెయ్యి కిందికి దించితే ఎవరికీ కనబడదు, ఫొటోలో చేతులు కట్టుకోమని చెప్పమన్నారు.

పది రోజుల తర్వాత ట్రయల్‌కి వెళ్లాం. తెల్లదారం కచ్చాకుట్లతో, ఒక్క చెయ్యే పెట్టిన షేర్వానీలో తమ్ముడు దిష్టిబొమ్మలా నిలబడ్డాడు. పెద్దాయన చుట్టూ తిరుగుతూ సుద్దముక్కతో గీతలు పెట్టారు. చెయ్యి అమర్చడమే అన్నిట్లోకీ కష్టమట. చంక చుట్టుకొలత కన్నా చేతి పైభాగం కాస్త పెద్దది. ఆ మిగులును మడతపడకుండా సర్ది కుట్టి, తడిగుడ్డ వేసి ఇస్త్రీతో కుదించాలి.

మిగిలింది కాజాలు. ఏడింట్లో మూడు చిరిగిపోయాయి. ఆ పనికి వేరే మనిషి ఉండేవాడట. కళ్లు కనబడక మానేశాడు. నేర్చుకునే పిల్లల్లేరు. పెద్దాయన కొడుకు క్యాబ్ నడుపుతాడు. 'రోజుకి ఒక్కటే వేయగలను, అదీ పొద్దుటి వెలుగున్నంతసేపే' అన్నారు. చీలిక అంచు వెంట మందపాటి దారం పరిచి, మైనం పట్టించిన పట్టుదారంతో దాని మీద ముడి పక్కన ముడి. మొదటిది పూర్తిచేసి, నచ్చక విప్పేశారు. పెళ్లికి ఆరు రోజులే ఉన్నాయని గుర్తుచేద్దామనుకుని, ఊరుకున్నాను.

ఎదురుచూసే వేళల్లో ఒక రోజు, దగ్గర్లోని పురానీ హవేలీకి వెళ్లొచ్చాను. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ రెండంతస్తుల టేకు బీరువాల వరస అక్కడుంది. తొడిగిన బట్ట మళ్లీ తొడిగేవాడు కాదంటారు. ఆయన కొడుకు ఉస్మాన్ అలీఖాన్ మాసికల షేర్వానీతోనే గడిపేసేవాడంటారు. ఈ విషయంలో నా ఓటు కొడుక్కే!

పెళ్లికి రెండు రోజుల ముందు షేర్వానీ చేతికొచ్చింది. ఇంటికొచ్చి చూస్తే పక్క కుట్ల లోపల ఇంకా అర అంగుళం గుడ్డ మిగిల్చే ఉంది.

రిసెప్షన్‌లో తమ్ముడు చేతులు కట్టుకుని బుద్ధిగానే నిలబడ్డాడు. బ్యాండు మొదలయ్యాక ఎవరాగుతారు? రెండు చేతులూ పైకెత్తి గంతులేశాడు. చంక కింద రెండు వైపులా కొత్త నలుపు. ముందు వరసలో కూర్చున్న నానమ్మ కళ్లజోడు సవరించుకుని, 'కొన్నప్పుడు అంతా ఆ రంగేరా' అంది.