‘మెస్’ అన్న మాట వెంట

హోసూరు సిప్కాట్ పారిశ్రామికవాడ చుట్టుపట్ల వీధులలో ‘మెస్’ అన్న పలకలు తరచుగా కనబడతాయి. క్రిష్ణగిరిలోనూ అంతే. కార్మికులకు, గదులలో ఒంటరిగా ఉండే ఉద్యోగులకు అక్కడ పూట భోజనం దొరుకుతుంది. నెలవారీ లెక్కకు తినేవారూ ఉంటారు. ఆ మాటను తమిళ లిపిలో చూసి చూసి మా పిల్లలకు అది ఆంగ్లమన్న స్పృహే లేదు. వారి దృష్టిలో అది సాపాటుకు మరొక పేరు.

అందుచేత ఆంగ్ల పాఠంలో ఒక తల్లి తన బిడ్డతో నీ గది ‘మెస్’గా ఉన్నదని కోప్పడిన వాక్యం చదివి వచ్చిన ఆరవ తరగతి బాలుడొకడు నా తెలుగు పీరియడులో లేచి, “సార్, ఆయమ్మ ఇంట్లో మెస్ పెట్టిందా?” అని అడిగాడు. తరగతి నవ్వింది. నాకు మాత్రం ఆ ప్రశ్న మిక్కిలి సమంజసంగా తోచింది. అన్నం పెట్టే చోటుకూ అస్తవ్యస్తతకూ ఒకే మాట ఎందుకుండాలి?

చరిత్రను బట్టి చూస్తే ఆ బాలుడికి తెలిసిన అర్థమే పాతది, పాఠంలోనిదే కొత్తది. పంపుట, ఉంచుట అనే అర్థాలు గల ఒక లాటిను క్రియ నుండి ఈ మాట పుట్టింది. భోజనపు బల్లపై ఉంచినది అని భావం. ప్రాచీన ఫ్రెంచి గుండా సాగి సుమారు 1300 ప్రాంతంలో ఆంగ్లంలో ప్రవేశించింది. అప్పటి అర్థం ఒక పూటకు వడ్డించిన ఆహారం. మెసేజి, మిషను, మిసైలు కూడ ఆ లాటిను క్రియ సంతానమే. సందేశమూ క్షిపణీ భోజనమూ ఒక తల్లి బిడ్డలంటే పిల్లలు నమ్మరు. పంపబడేవి కదా అంటే ఒప్పుకుంటారు. 1611 నాటి ఆంగ్ల బైబిలులో యోసేపు తన తమ్ముడు బెన్యామీనుకు తక్కిన అన్నలకంటె ఐదింతలు వడ్డింపించిన ఘట్టంలో ఆ వడ్డనకు వాడిన మాట ఇదే.

తరువాత ఆ పేరు పదార్థం నుండి పంక్తికి మారింది. కలిసి భుజించే బృందం, ముఖ్యంగా నలుగురు, ‘మెస్’ అయ్యారు. షేక్స్పియరు నాటకంలోనూ నలుగురనే అర్థంలో ఈ మాట ఉన్నది. లండనులో బారిస్టరు చదువుకు విందులకు హాజరు కావడం ఒకప్పుడు విధి; అక్కడ నేటికీ నలుగురి పంక్తికి ఇదే పేరు. 1888లో అక్కడికి చదువుకు వెళ్ళిన గాంధీజీ తన ఆత్మకథలో ఒక ముచ్చట చెప్పారు. నలుగురికి రెండు సీసాల మద్యం ఇచ్చేవారట. ఆయన ముట్టరు గనుక, ఆయన నాలుగవవాడైతే మిగిలిన ముగ్గురికే రెండు సీసాలూ దక్కుతాయని, తమ పంక్తిలో కూర్చోమని అందరూ పిలిచేవారట! పంక్తి నుండి సైనికుల భోజనశాలకు, అక్కడి నుండి విద్యార్థుల వసతిగృహానికి, చివరకు మా హోసూరు వీధికి ఈ మాట నడిచి వచ్చింది.

మరి అస్తవ్యస్తత ఎక్కడిది? అదీ అన్నంలో నుండే పుట్టింది. 18వ శతాబ్దిలో పశువులకు పెట్టే కలగలుపు మేతకు ఈ పేరు వచ్చింది. 19వ శతాబ్దిలో అది ఏది ఏదో తెలియని మిశ్రమమై, చిక్కై, చివరకు సర్దని గది అయింది.

ఇంతవరకు చెప్పి, “మన భాషలోనూ ఇట్లాంటి మాట ఉన్నది, పులగం ఎవరికి తెలుసు?” అని అడిగాను. ఒకరిద్దరు తప్ప చేతులెత్తలేదు. బియ్యమూ పెసరపప్పూ కలిపి వండేది పులగం. రాయలసీమలో పొట్టు పెసరపప్పుతో వండి వేరుసెనగ పచ్చడితో తింటారు. మిరియాలూ నెయ్యీ చేరిన దాని తోబుట్టువు పొంగల్ మాత్రం పిల్లలందరికీ తెలుసు. బాగా ఉడికిన పులగంలో పప్పునూ మెతుకునూ ఎవరు వేరు చేయగలరు? అందుకే కలగాపులగం అన్నాం. పలురకాల ఆకులు కలిసిన గంప కలగూరగంప అయింది. ఆంగ్లేయుల వంటింట్లో జరిగినదే మన వంటింట్లోనూ జరిగింది, వారిని అడగకుండానే.

అయితే ‘మెస్’ ఒక్కటే చేసే పనిని తెలుగులో పలు మాటలు పంచుకుంటాయి. వస్తువులు చెదిరితే చిందరవందర. గీతలూ అక్షరాలూ అల్లుకుపోతే గజిబిజి. మనసుకో సభకో పట్టేది గందరగోళం. దారానికీ జుట్టుకూ పడేది చిక్కు. ఇంటిలో ‘మెస్సీగా ఉంది’ అని సరిపెట్టుకునే బిడ్డకు ఈ తేడాలు అందవు. భోజనశాలకు మెస్ అనడం నాకు కష్టం కాదు. ఆ అర్థంలో అది ఏనాడో తెలుగైపోయింది. ఉన్న మాటలను తోసివేసి కూర్చునే మెస్ నాకు కష్టం.

ఈ ప్రాంతంలో ఆ నష్టం త్వరగా జరుగుతుంది. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం 2006-07లో ఒకటవ తరగతితో మొదలై, ఏటికొక తరగతి చొప్పున 2015-16 నాటికి పదవ తరగతిని చేరింది. తమిళం నేర్వడానికి మాకు అభ్యంతరం లేదు. ఈ నేలపై బ్రతికే వారికి అది కావలసిన భాష. కాని మొదటి భాషగా ఉండిన తెలుగు ఆ చోటు కోల్పోయింది. ఇక గజిబిజికీ గందరగోళానికీ తేడా చెప్పవలసిన భారం చాలావరకు ఇంటిదే. తల్లిదండ్రులు బిడ్డను గది సర్దుమని కోప్పడేటప్పుడైనా సరైన తెలుగు మాటతో కోప్పడాలని నా కోరిక.

ఆ రోజు మిగిలిన పది నిమిషాలూ పిల్లల పుస్తకాల సంచికి ఏ మాట తగునన్న వాదంతో గడిచిపోయాయి. చిందరవందర అన్నారు చాలామంది. వెనుక వరుసలోని అమ్మాయి ఒప్పుకోలేదు. నేలమీద పడితే చిందరవందర, సంచిలో ఉన్నంతవరకు కలగాపులగమే అన్నది.