పొగ ఎక్కడికి పోయింది?

పిల్లలూ, కరీంనగర్ నుంచి మంచిర్యాల వెళ్ళే బస్సులో కిటికీ పక్కన చోటు దొరికితే ఒక తమాషా చూడవచ్చు. సుల్తానాబాదు దాటి, పెద్దపల్లి దాటి, ఇంకొంత దూరం పోగానే పొలాల కవతల ఆకాశానికి ఆనించిన గుంజల్లాగా పొగగొట్టాలు కనిపిస్తాయి. అదే రామగుండం. బస్సు పోతున్నకొద్దీ అవి పెరుగుతూ ఉంటాయేగాని ఎంతకూ దగ్గరికి రావు. అవి అంత ఎత్తు! ఢిల్లీలోని కుతుబ్ మినారు వాటిలో సగం కూడా ఉండదు.

ఈ సంక్రాంతి సెలవులలో నేను ఆ దారినే వెళ్ళాను. మంచిర్యాలలో మా అమ్మాయి ఇల్లు ఉంది. అక్కడ మా మనుమణ్ణి వెంటబెట్టుకుని విశాఖపట్నం పోవాలని మా ఏర్పాటు. సముద్రం చూడాలని వాడికి ఎన్నాళ్ళ నుంచో కోరిక. నాకు మాత్రం వేరే పని ఉంది. 40 ఏళ్ళకు పైగా నేను ఒక ప్రశ్నకు బాకీ పడి ఉన్నాను.

1984లో నేను రామగుండం దగ్గరి ఒక ఊరి బడిలో కొత్తగా ఉపాధ్యాయుడుగా చేరాను. అంతకు ముందు ఏడే, అంటే 1983లో, అక్కడి విద్యుత్ కేంద్రంలో మొదటి యంత్రం తిరగసాగింది. మా బడి వరండాలోంచి చూస్తే పొగ కనిపించేది. ఒకనాడు ఏడో తరగతి కుర్రవాడొకడు లేచి, “సార్, గా పొగంత ఏడికి పోతది?” అని అడిగాడు.

నేను తడుముకోకుండా, “గొట్టం అంత ఎత్తు కట్టింది అందుకేరా! పొగ ఆకాశంలో కలిసి మాయమైపోతుంది,” అన్నాను.

వాడు కూర్చున్నాడు. తక్కినవాళ్ళు నోటు పుస్తకాలలో రాసుకున్నారు. ప్రపంచంలో ఏ పదార్థమూ మాయమైపోదని అదే తరగతికి, అదే నెలలో నేనే పాఠం చెప్పి ఉన్నాను! ఆ రెండు మాటలూ పొసగవని పిల్లలకు తోచలేదు. నాకూ తోచలేదు.

బస్సు రామగుండంలో ఎరువుల కర్మాగారం పక్కగా పోయింది. 1980లో ఇక్కడ బొగ్గుతో ఎరువు చేసే కర్మాగారం మొదలై, 1999లో మూతపడింది. దాని స్థానంలో సహజవాయువుతో నడిచే కొత్త కర్మాగారం 2021 నుంచి పని చేస్తున్నది. ఏడాదికి 12 లక్షల టన్నులకు పైగా యూరియా చేయగల శక్తి దానికి ఉన్నది.

ఆ యూరియాలోని నత్రజని ఎక్కడిదో తెలుసా? మన చుట్టూ ఉన్న గాలిలోదే. గాలిలో ప్రతి 100 పాళ్ళకు 78 పాళ్ళు నత్రజని ఉన్నది. కాని దాని పరమాణువులు జంటలు జంటలుగా ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు విడిపిస్తేనేగాని నత్రజని వరిచేనుకు ఆహారం కాదు. కర్మాగారంలో ఎంతో వేడీ, ఎంతో ఒత్తిడీ పెట్టి ఆ పట్టు విడిపిస్తారు.

పొగగొట్టం కింది కొలిమిలో కూడా కొంతవరకు ఇదే జరుగుతుంది, ఎవరూ కోరకుండానే. బొగ్గు మండే వేడికి గాలిలోని నత్రజని కొంత ప్రాణవాయువుతో కలుస్తుంది. బొగ్గులో దాగి ఉన్న నత్రజనీ దానికి తోడవుతుంది. ఇలా పుట్టిన వాయువులను నత్రజని ఆక్సైడులంటారు. లారీ ఇంజనులోనూ, బస్సులోనూ, ఆటోలోనూ, మీ నాన్నగారి మోటారు సైకిలులోనూ ఇవి పుడతాయి. పట్టణం ఎంత పెద్దదైతే అంత ఎక్కువగా పుడతాయి.

గోదావరిఖని దాటి బస్సు గోదావరి వంతెన ఎక్కింది. ఈ ఒడ్డు పాత కరీంనగర్ జిల్లా, ఆ ఒడ్డు పాత ఆదిలాబాద్ జిల్లా. 2016లో జిల్లాలను విడదీసిన తరవాత ఇది పెద్దపల్లి, అది మంచిర్యాల అయినాయి. పొగకు మాత్రం జిల్లాలు లేవు. వెనక్కి తిరిగి చూశాను. గొట్టం మీది పొగ తెల్లని చారలాగా సాగి, ఒకచోట తెగిపోయినట్టు ఆగిపోయింది. ఆగింది నా చూపేగాని పొగ కాదు.

కంటికి కనపడకుండా పోయినాక అసలు కథ మొదలవుతుంది. నత్రజని ఆక్సైడులు గాలిలోనే మార్పు చెంది నత్రికామ్లం అవుతాయి. యూరియా చల్లిన పొలాల నుంచీ, పశువుల కొట్టాల నుంచీ అమ్మోనియా లేస్తుంది కదా? ఈ రెండూ కలిస్తే ఒక లవణం తయారవుతుంది. దాని రేణువులు ఎంత సన్నవంటే, గాలి వాటిని రోజుల తరబడి, వందల కిలోమీటర్లు మోసుకుపోగలదు. కొంత దారిలోనే వాన చినుకులతో దిగి పొలాల మీదా, గోదావరిలోనూ పడుతుంది. నదిలో పడింది కాళేశ్వరం, భద్రాచలం, ధవళేశ్వరం మీదుగా సముద్రానికి చేరుతుంది. తక్కినది గాలిలోనే పోతుంది.

రైలు ప్రయాణం గురించి చెప్పదగిందేమీ లేదు. వరంగల్లులో బండి మారాము. మావాడు నిద్రపోయాడు, నాకు నడుము పట్టేసింది.

విశాఖపట్నంలో తెల్లవారగానే సముద్రపు ఒడ్డుకు వెళ్ళాము. మావాడు నీళ్ళను చూసి నోరు తెరుచుకుని నిలబడ్డాడు. అంతలో వెనకనుంచి గాలి విసిరింది. వాడి టోపీ ఎగిరి, ఇసుక మీద దొర్లి, అలల్లో పడింది.

“తాతా, సముద్రపు గాలి మన మీదికి రావాలె గద! ఇదేంది, మన వెనుకనుంచి వస్తున్నది?” అన్నాడు వాడు.

నేను ఎదురు చూస్తున్న ప్రశ్న అదే. చలికాలంలో గాలి ఎక్కువగా భూమి మీదినుంచి బంగాళాఖాతం మీదికి వీస్తుంది. గంగా మైదానంలోని పట్టణాల పొగ కూడా ఈ కాలంలో ఇటే దిగుతుంది. ఇక విశాఖపట్నం సంగతి సరేసరి. ఓడరేవు, ఉక్కు కర్మాగారం, నూనెశుద్ధి కర్మాగారం, లెక్కలేనన్ని వాహనాలు, చుట్టూ కొండలు. టోపీ పోయిన దారినే ఈ పొగంతా పోతుంది.

గోవాలో జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థ అని ఒకటి ఉన్నది. దాని శాఖ విశాఖపట్నంలో ఉన్నది. అక్కడి శాస్త్రజ్ఞులు గాలిలోని సన్నని ధూళిని పట్టి, అందులో నత్రజని లవణాలు ఎంత ఉన్నాయో కొలిచారు. తరవాత ఆ ధూళిని సముద్రపు నీటిలో కలిపి చూశారు. నీటిలో ఉండే సూక్ష్మమైన మొక్కలు, అంటే వృక్షప్లవకాలు, ఎక్కువగా పెరిగాయి! ఈ పరిశోధన ఫలితాలు 2016లో వెలువడ్డాయి.

దీనికి కారణం ఉన్నది. బంగాళాఖాతంలో గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ వంటి పెద్ద నదులు పడతాయి. నది నీరు తేలిక, ఉప్పునీరు బరువు. అందువల్ల తేలిక నీరు పైన మూతలాగా పరచుకుంటుంది. అడుగున ఉన్న పోషకాలు ఆ మూతను దాటి సులభంగా పైకి రాలేవు. పైనీటిలో నత్రజని కరువుగా ఉంటుంది. అటువంటి చోట ఆకాశం నుంచి పిడికెడు పడినా మొక్కలకు పండుగే.

“మంచిదే గద తాతా! మొక్కలు పెరిగితే చాపలు బలుస్తయి,” అన్నాడు మావాడు.

కొంతవరకు నిజమే. కాని యూరియా ఎక్కువ వేసిన వరిచేను మీరు చూడలేదూ? నిగనిగలాడుతూ ఏపుగా పెరిగి, చివరకు పడిపోతుంది. మురికినీరు చేరిన ఊరికుంట మీద పచ్చని తెట్టు కట్టి, ఒకనాటి తెల్లవారుజామున చేపలు వెల్లకిలా తేలటం నేను చిన్నప్పుడు చూశాను. తెట్టులోని మొక్కలు చచ్చి కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు ఖర్చయిపోతుంది. చేపకు ఊపిరి అందదు.

బంగాళాఖాతంలో కొన్ని వందల మీటర్ల లోతున ప్రాణవాయువు ఇప్పటికే దాదాపు లేనంత తక్కువ. అటువంటి ప్రాంతం సుమారు 60,000 చదరపు కిలోమీటర్లు ఉన్నదని 2016లో శాస్త్రజ్ఞులు తెలిపారు. ఇది పొగవల్లనే వచ్చిందని అనుకోకండి. ఆ సముద్రం స్వభావమే అంత. కాని పైనుంచి కుళ్ళే పదార్థం ఇంకా ఎక్కువగా దిగితే, ఆ మిగిలిన కాస్త ప్రాణవాయువు ఏమవుతుందోనని శాస్త్రజ్ఞుల భయం. ఆ సముద్రాన్ని నమ్ముకుని బతికే జాలరి కుటుంబాలు మన తీరంలో ఎన్నో ఉన్నాయి.

అమెరికాలో చెసాపీక్ అనే పెద్ద అఖాతం ఉంది. దానిలో చేరే నత్రజనిలో సుమారు మూడోవంతు గాలి ద్వారానే వస్తుందని వాళ్ళు లెక్క కట్టారు. ఆ దేశంలో 1990లో గాలి చట్టాన్ని బిగించి, పొగగొట్టాలకూ కార్లకూ హద్దులు పెట్టినాక, ఆకాశం నుంచి పడే నత్రజని తగ్గింది. మన దేశంలో కూడా విద్యుత్ కేంద్రాల నత్రజని ఆక్సైడులకు 2015లో హద్దులు ప్రకటించారు. బూడిదను గొట్టంలోకి చేరకముందే పట్టే యంత్రాలు ముందునుంచీ ఉన్నాయి. అది కంటికి కనపడి, బట్టల మీద పడుతుంది గనక జనం ఊరుకోరు. కనపడని వాయువు గురించి అడిగేవారు తక్కువ. రామగుండం జలాశయం మీద 2022లో 100 మెగావాట్ల సూర్యవిద్యుత్ పలకలు నీటిమీద తేలేటట్టు అమర్చారు. వాటికి పొగగొట్టంతో పని లేదు. అయితే పక్కనున్న బొగ్గు కేంద్రం శక్తి 2,600 మెగావాట్లు!

విశాఖ సముద్రంలో పడిన రేణువు మీద ఊరి పేరు రాసి ఉండదు. అందులో విశాఖ పాలెంత, ఉత్తరాది పాలెంత, మా రామగుండం పాలెంత అని విడదీసి చూపటం నా వల్ల కాదు.

తిరిగి వచ్చేటప్పుడు గోదావరిఖనిలో దిగాను. ఆనాడు ప్రశ్న అడిగిన కుర్రవాడు అక్కడే బొగ్గు లారీ నడుపుతున్నాడు. ఇప్పుడు వాడికీ తల నెరిసింది. నన్ను చూసి, “నమస్తే సార్, మంచిగున్నరా?” అని చేతిలోని టీ గ్లాసు పక్కన పెట్టాడు. నేను వాడి పక్కన కూర్చుని, ఆనాడు తప్పు చెప్పానని ఒప్పుకుని, మీకు చెప్పినదంతా చెప్పాను.

వాడు పెద్దగా నవ్వాడు. “నలబై ఏండ్ల సంది గిది మనసుల వెట్టుకున్నరా సార్!” అన్నాడు. తరవాత కాసేపు మాట్లాడలేదు. రోడ్డు పక్కన నిలిపిన తన లారీ వైపు చూసి, “మరి నా బండి పొగ గూడ గక్కడికే పోతదా సార్?” అని అడిగాడు.

పోతుందని చెప్పాను.