కట్టు వదులైందా, భాయ్?

షికాగో నుంచి ఐ-80 హైవే మీద పడమరకు వెళ్తే, మిస్సిసిపీ నది దాటిన కాసేపటికి వాల్‌కాట్ అనే చిన్న ఊరొస్తుంది. 284వ ఎగ్జిట్‌లో దిగితే ‘అయోవా 80’. ప్రపంచంలోనే అతి పెద్ద ట్రక్ స్టాప్. 1964లో మొదలైంది. ఒకేసారి 900 ట్రక్కులు ఆగొచ్చు. లోపల రెస్టారెంట్, లాండ్రీ, బార్బర్ షాపు, సినిమా హాలు, ఆఖరికి పళ్ల డాక్టర్ కూడా! పక్కనే ట్రక్కుల మ్యూజియం, టికెట్ లేదు. వీటి మీద యూట్యూబ్‌లో బోలెడు వీడియోలున్నాయి. నాకు మాత్రం పార్కింగే తెగ నచ్చింది.

పెట్టెలాంటి ట్రైలర్ల డ్రైవర్లు దిగి నేరుగా తిండికి వెళ్తున్నారు. ఫ్లాట్‌బెడ్ వాళ్లు అలా కాదు. ఫ్లాట్‌బెడ్ అంటే గోడలూ పైకప్పూ లేని, ఒట్టి బల్లలాంటి ట్రైలర్. వాళ్లు దిగగానే లోడు చుట్టూ ఓ ప్రదక్షిణ చేస్తారు. బెల్టు మీద అరచేత్తో కొట్టి చూస్తారు, గొలుసు లాగి చూస్తారు, ఇనప రాడ్డు పెట్టి ఇంకాస్త బిగిస్తారు.

అక్కడి చట్టమే అలా చెప్తుంది. బయల్దేరిన మొదటి 50 మైళ్లలోపు, అంటే 80 కిలోమీటర్లలోపు, ఆగి కట్లు చూసుకోవాలి. తర్వాత 150 మైళ్లకో, 3 గంటలకో, డ్యూటీ మారినప్పుడో, ఏది ముందైతే అప్పుడు. ఎందుకంటే లోడు కుదురుకుంటుంది. డబ్బాలో బియ్యం పోసి కుదిపితే కిందికి దిగుతుంది చూడండి, అలాగే కలప దొంతరలు కుదుపులకు దగ్గరకు జరుగుతాయి. పొద్దున బిగుతుగా ఉన్న బెల్టు మధ్యాహ్నానికి వదులవుతుంది.

లెక్కలు కూడా సరదాగా ఉన్నాయి. కట్ల మొత్తం సామర్థ్యం సరుకు బరువులో కనీసం సగం ఉండాలి. 4 అంగుళాల బెల్టు సామర్థ్యం సుమారు 2,450 కిలోలు. 20 టన్నుల లోడుకు 10 టన్నుల బలం కావాలి కాబట్టి నాలుగు బెల్టులు చాలవు, ఐదు పడాల్సిందే. సడన్ బ్రేక్ పడితే లోడు తన బరువులో 80 శాతం బలంతో ముందుకు తోస్తుందనుకుని కట్టాలి. ముందుకు అంటే ఎటో తెలుసుగా? డ్రైవర్ వీపు వైపు.

నదికి అవతల ఈస్ట్ మోలీన్‌లో జాన్ డీర్ కంబైన్ హార్వెస్టర్ల ఫ్యాక్టరీ ఉంది. అలాంటి భారీ యంత్రాలకు బెల్టులు కాదు, గొలుసులు కనిపిస్తాయి. కనీసం నాలుగు కట్లు ఉండాల్సిందే.

ఒక డ్రైవర్ మాట కలిపాడు. జలంధర్ ఆయన. హిందీలో మాట్లాడుకున్నాం. ఆయన ట్రైలర్ మీద స్టీలు, పైన నల్ల పట్టా. మన గుంటూరు మిర్చి లారీల పట్టాకు పెద్దన్నయ్యలా ఉంది. ఒక్కోటి నలభై, యాభై కిలోలట. గాలిలో లోడు మీదికెక్కి దాన్ని పరచాలి. “యాక్సిడెంట్ కన్నా పైనుంచి జారిపడతాననే భయం ఎక్కువ, భాయ్” అన్నాడు. పట్టా కప్పితే విడిగా డబ్బులిస్తారట. ఇవ్వాలి కూడా!

పట్టా లోడును పట్టి ఉంచదు. వాన నుంచి, చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు నుంచి కాపాడుతుందంతే. పైగా అది కప్పాక బెల్టులు కనపడవు. స్టీలు అంచు పదునుగా ఉంటే బెల్టును కోసేస్తుంది, అందుకే మూలల్లో ప్లాస్టిక్ ముక్కలు పెడతారు. ఈయన పద్ధతి ఇది: ముందు బెల్టు, తర్వాత ఫోన్లో ఫొటో, ఆ తర్వాతే పట్టా.

మన దగ్గర చట్టం లేదా? ఉంది. లోడు బాడీ దాటి బయటికొస్తే 2019 సవరణ తర్వాత 20,000 రూపాయల జరిమానా. అయినా చువ్వల చివర ఎర్రగుడ్డ కట్టుకుని వెళ్లే లారీలు మనకు కొత్తా? జరిమానా సరే, మొదటి 80 కిలోమీటర్లలోపు ఆగి చూసుకోమంటే మన డ్రైవరన్న ఎక్కడ ఆగాలి? దాబా ముందు, రోడ్డు అంచునే కదా. రాత్రి అక్కడ దిగి లోడు చుట్టూ తిరగడం ఇంకో ప్రమాదం. 900 ట్రక్కుల పార్కింగ్ చూసి నాకు కుళ్లు పుట్టింది ఇందుకే.

జలంధర్ ఆయన పట్టా అంచు ఎత్తి లోపలికి చేయి పెట్టాడు. మూడో బెల్టు వదులైంది. రాడ్డుతో రెండు పళ్లు బిగించి, అంచు మళ్లీ కట్టి, నెబ్రాస్కాకు ఇంకా ఐదు గంటలుందంటూ టీ కోసం లోపలికి నడిచాడు.