పులసా? రొయ్యా?

కలకత్తాలో ఫుట్‌బాల్ ఆట ఫలితము తెలియుటకు మరునాటి పత్రిక దాకా ఆగనక్కరలేదు. చేపల బజారుకు పోయిన చాలునట. ఈస్ట్ బెంగాల్ గెలిచిన నాడు ఇలిష్ చేపకు, మోహన్ బగాన్ గెలిచిన నాడు రొయ్యకు గిరాకి. ఇలిష్ అనగా మన గోదావరి పులసయే. పుస్తెలమ్మి అయినా పులస తినమన్న మన పెద్దలు, ఆట గెలిచేదాకా ఆగమని షరతు మాత్రం పెట్టలేదు.

మోహన్ బగాన్ 1889 నాటిది. పశ్చిమ వంగీయుల గర్వము. 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్, దేశవిభజనతో ఇల్లూ వాకిలీ విడిచి వచ్చిన తూర్పు వంగీయులకు సొంత ఊరైనది. కనుకనే అక్కడి తగవును మేము కేవలము పిచ్చి యని కొట్టివేయలేము. ఇక 1934 నుండి 1938 వరకు వరుసగా ఐదుమార్లు లీగు గెలిచిన మహమ్మదన్ స్పోర్టింగ్‌ను, కలకత్తా ముఖమెరుగని ముస్లిములెందరో తమ ఇంటిజట్టుగా భావించినారు.

ఈ మూడు శిబిరముల నడుమ మన హైదరాబాదీ మహమ్మద్ హబీబ్ చేసిన చిత్రము చూడుడు: మూడింటి పక్షమునా ఆడినాడు! నిన్న శాపనార్థములు పెట్టిన గ్యాలరీయే నేడు జేజేలు పలుకవలసి వచ్చెను. జట్టు మారినవానిని ద్రోహి అనుట మాకు సమ్మతము కాదు. మంచి జీతమునకు కాలేజీ మారిన లెక్చరరును ఎవరైనా ద్రోహి అందురా? వంగీయులు మాత్రము ఆయనను ‘బొడో మియా’ అనియే ఆదరించిరి. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన కాస్మాస్ జట్టును మోహన్ బగాన్ 2-2తో నిలువరించినప్పుడు ఒక గోలు హబీబుదే. ఆనాడు పులస పక్షమువారు కూడ చాటుగా ఒక రొయ్యయైనా తినియుందురని మా అనుమానము.

అదే మైదానములో 1980 ఆగస్టు 16న ఈ రెండు జట్ల ఆటలో ఆటగాండ్ర తగవు గ్యాలరీల కెక్కినది. కొట్లాటలో, తొక్కిసలాటలో 16 మంది చనిపోయిరి. ఆట చూడబోయిన బిడ్డ సాయంత్రమునకు ఇల్లు చేరలేదు. కటౌట్లకు పాలాభిషేకములు చేసి, పక్క హీరో అభిమానితో కలియబడు మన యువకులకు ఈ ముచ్చట దూరపుది కాదు.

2024లో మరొకటి జరిగినది. ఆర్.జి.కర్ ఆసుపత్రిలో వైద్యురాలి హత్యపై నగరము అట్టుడుకుచుండగా, ఆగస్టు 18న జరుగవలసిన డ్యురాండ్ కప్పు పోటీని రద్దు చేసిరి. ఆట లేకున్నను అభిమానులు సాల్ట్ లేక్ స్టేడియము వెలుపలికి వచ్చిరి. మోహన్ బగాన్ చొక్కావాని భుజములపై ఈస్ట్ బెంగాల్ చొక్కావాడు! మహమ్మదన్ వారును కలిసిరి. అందరిదీ ఒకే నినాదము, ఆ వైద్యురాలికి న్యాయము. పోలీసుల లాఠీలు కూడ చొక్కా రంగు చూడకుండనే పడినవి.