పగడాలకు గోరుముద్దలు

రాత్రి తొమ్మిదింటికి న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఆ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఇంట్లో లైట్లు ఆరిపోతాయి. ఉప్పునీటి అక్వేరియంలో నారింజ రంగు సన్ కోరల్ మొగ్గలు ఒక్కొక్కటే విచ్చుకుంటాయి. అతను పంపు ఆపి, కరిగించిన మైసిస్ రొయ్యల్ని పిపెట్‌తో ఒక్కో నోటికీ అందిస్తాడు. భీమవరం నుంచి కొడుకును చూడడానికి వెళ్లిన తండ్రికి ఇది వింతగా తోచింది. ''రాయికి రొయ్యలు పెడుతున్నావేంట్రా?'' అన్నారాయన.

రాయి కాదు, జంతువు. పగడపు జీవుల్లో చాలావాటికి ఒంట్లోనే వంటిల్లు ఉంటుంది. కణాల్లో కాపురముండే సూక్ష్మ శైవలాలు వెలుతురుతో ఆహారం తయారుచేసి పెడతాయి. సన్ కోరల్‌కు ఆ భాగ్యం లేదు. సముద్రంలో అయితే కొట్టుకొచ్చింది పట్టుకు తింటుంది. ఇంట్లో యజమాని పెడితేనే తిండి. తిండి అందని నోరు క్రమంగా చిక్కిపోతుంది.

ఆ భయంతోనే కొడుకు రోజూ రెండు పూటలా మేపాడు. నెల తిరిగేసరికి రాళ్ల మీద నాచు, నీటిలో నైట్రేట్ పెరిగాయి. సగానికి పైగా నోళ్లు తెరుచుకోవడం మానేశాయి. ఆకలేమో అనుకుని అతను ఇంకాస్త పెట్టాడు.

తండ్రికి ఈ కథ తెలుసు. 1995లో తెల్లమచ్చల వ్యాధికి టైగర్ రొయ్యల చెరువు పోగొట్టుకున్న రైతాయన. అప్పు తీర్చడానికి రెండెకరాలు అమ్మారు. వైరస్‌ను ఆపడం తన చేతిలో లేకపోయినా, మేత ఎక్కువేసి నీటిని పాడు చేసుకున్నది మాత్రం తానేనని ఇప్పటికీ అంటారు. చెక్ ట్రే పైకి తీసి, మిగిలింది చూశాకే మళ్లీ మేత వెయ్యాలన్నది ఆయన ఆలస్యంగా నేర్చుకున్న పాఠం. ''నోరు తెరిచినదానికే పెట్టు. మిగిలింది తీసెయ్. నీళ్లు బాగుంటే ఆకలి దానంతటదే వస్తుంది'' అని చెప్పారు.

మేత రెండు రోజులకోసారికి తగ్గింది. మిగిలిన ముక్కల్ని తండ్రే సన్న గొట్టంతో లాగేసేవారు. వారం వారం కొంత నీరు మార్చారు. ఆరో వారానికి చాలా మొగ్గలు విచ్చుకున్నాయి. కొన్ని ఇక తెరుచుకోలేదు.

తిరుగు ప్రయాణానికి ముందు ఆయన ఒక ముక్క అడిగారు. కుదరదన్నాడు కొడుకు. రాతి పగడాలను భారత్‌లో 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో చేర్చారు. పులి ఉన్న జాబితా అది.

ఇప్పుడు భీమవరంలో తెల్లవారాక ఫోన్ మోగుతుంది. ఆరోగ్యం ఎలా ఉందని కొడుకు అడిగేలోపే ఆయన అడుగుతారు: ''ఎన్ని నోళ్లు తెరిచాయి?''