పాత కారు – తెరమీది మాటలు

మా యింటి పాత కారును గూర్చి వ్రాయబూనితిమన్నచో “ఆడువారికి యంత్రములతో నేమి పని?” యని కొందఱు నవ్వవచ్చును. కాని ఆ కారులో కూర్చుండి ప్రయాణము చేయువారము మనమే గదా! మన యొడిలో బిడ్డలుందురు, మన ప్రక్కను వృద్ధులుందురు. దాని బ్రేకు పట్టునా పట్టదా యను విచారము మనకు లేకున్న మఱెవరికి ఉండవలెను? అదియుగాక మేమిప్పుడు చెప్పబోవు సంగతి కారునకు మాత్రమే చెందినది కాదు. ఫోను తెఱచినంతనే వేయి నోళ్లు మాటలాడు ఈ దినములలో, ఏ మాట నమ్మదగినదో ఏది కాదో తేల్చుకొనుట ప్రతి గృహిణికిని నిత్యకృత్యమైనది.

మా మామగారు 1984 లో ఒక తెల్లని అంబాసిడరు కారును కొని జగిత్యాలకు తెచ్చిరి. కోరుట్లలోని పుట్టింటినుండి మేము అత్తవారింటికి వచ్చినది ఆ కారులోనే. మా బిడ్డలను పురిటింటినుండి తెచ్చినదియు ఆ కారే. మామగారు దానిని మఱియొకరి చేతికిచ్చెడివారు కారు. వారు స్వర్గస్థులై మూడేండ్లైనను వారి తువాలు ఇంకను ముందు సీటుమీద మడత పెట్టియే యున్నది. దానిని తీయుటకు మాలో నెవ్వరికిని చేతులాడలేదు.

గడచిన మాఘమాసమున మా అత్తగారు ఒక కోరిక కోరిరి. వేములవాడ రాజన్నకు కోడె మొక్కు బాకీయున్నదనియు, అది మామగారు మొక్కిన మొక్కనియు, త్రోవలో కొండగట్టు అంజన్నను గూడ దర్శించుకొని ఆ కారులోనే పోయి చెల్లింపవలెననియు చెప్పిరి. కాదనుట యెట్లు? మా వారు కారును కడిగించి, వీధిలో ఒకమారు త్రిప్పి చూచి, ముఖము చిన్నబుచ్చుకొని లోనికి వచ్చిరి. బ్రేకు త్రొక్కినచో కాలు నేలదాక దిగిపోవుచున్నదట. రెండు మూడు మారులు త్రొక్కినగాని పట్టుట లేదట.

కొండగట్టు అనగానే మా ప్రాంతమువారి గుండె ఒకమారు కలుక్కుమనును. 2018 సెప్టెంబరు 11 వ తేదీన ఆ ఘాటు దారిలో ఒక బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించిరి. వారిలో స్త్రీలే యెక్కువ. ఆ దారిని బ్రేకు సరిగా లేని బండిలో దిగుటయా? అత్తగారి కోరిక యొక ప్రక్క, ఈ భయమొక ప్రక్క మమ్ము పట్టుకొనెను.

మామగారి కాలపు మెకానిక్కు చూపు మందగించి షెడ్డు మూసివేసెను. క్రొత్త పిల్లవాండ్రు “ఈ బండికి సామాను దొరుకదు” అని చేతులు కడిగికొనిరి. వారన్నది పూర్తిగా అసత్యము కాదు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు నమూనాపై హిందుస్థాన్ మోటార్సువారు అంబాసిడరును వంగదేశమందలి ఉత్తరపారాలో నిర్మించుచుండిరి. అర్ధశతాబ్దికి మించి సాగిన ఆ నిర్మాణము 2014 మే నెలలో నిలిచిపోయెను. 2017 లో అంబాసిడరను పేరును సైతము 80 కోట్ల రూపాయలకు ఫ్రాన్సు దేశపు కంపెనీ యొకటి కొనుక్కొనెను. కన్నవారే లేని బిడ్డకు నడివీధివారందఱు పెద్దలైనట్లు, ఇప్పుడు ఆ కారును గూర్చి యెవరికి తోచినది వారు చెప్పుచున్నారు.

మా మఱది దుబాయిలో నున్నాడు. అన్నగారి చింత విని, ఆ రాత్రియే అంతర్జాలమంతయు గాలించి పది పండ్రెండు వీడియోలు, బొమ్మలు పంపెను. అవి చూడగా మా తల తిరిగిపోయినది. బ్రేకు మాస్టరు సిలిండరు అమ్మువాడొకడు “అన్ని అంబాసిడరులకు సరిపోవును” అని మెఱయు బొమ్మతో వ్రాసెను. వేఱొకడు “బ్రేకు ఆయిలు దొరకనిచో ఇంజను ఆయిలు పోయవచ్చును, మేము తాతలనాటినుండి అట్లే చేయుచున్నాము” అని నవ్వుచు చెప్పెను. వేలకొలది జనులు ఆతని మెచ్చుకొనియుండిరి. నాలుగు చోట్ల ఒకే కొలత కనబడగా మా వారు “నలుగురును చెప్పుచున్నారు, నిజమే యగును” అనిరి. మేము కండ్లద్దములు పెట్టుకొని చదివి చూచితిమి. నాలుగింటిలోను మాట మాటకు ఒకటే వ్రాత. ఒక మాటలోని అక్షరదోషము సైతము నాలుగింటిలోను ఒకచోటనే యున్నది! నలుగురు సాక్షులు కారు, ఒకడు చెప్పినదానిని ముగ్గురు చూచి వ్రాసికొన్నారు. బతుకమ్మ ఆటకాడ ఒక మాట పుట్టి తెల్లవాఱునప్పటికి ఊరంతయు అనుచున్నదని ప్రబలుట మనమెఱుగనిదా?

అయినను మా వారు త్వరపడి, అన్ని బండ్లకు సరిపోవునన్న ఆ సిలిండరును తెప్పించిరి. అది వచ్చినది, చూడ ముచ్చటగానే యున్నది. కాని పైపు బిగించు మూతి కొలత వేఱు, బోల్టుల రంధ్రముల నడిమి దూరము వేఱు. సొమ్ము పోయినది, పదిదినములును పోయినవి.

ఆ సమయమున సిరిసిల్లలోని మా పెద్దతల్లి కుమారుడు మా యింటికి వచ్చెను. ఆయనకు మరమగ్గములున్నవి. ఆ పాత మగ్గములను బాగుచేసికొనుచు నడుపుటయే ఆయన జీవనము. మా గోడు విని నవ్వి యిట్లనెను: “చెల్లే! నోటితోని పేరు చెప్తె దుకాణపాయన ఏదిస్తె అదే. ఇరిగిన ముక్క జేబుల ఏస్కపోతె ఎవ్వడు అబద్ధమాడలేడు.”

ఎంత సామాన్యమైన మాట! మన మట్టిగాజుల దుకాణమునకు పాత గాజును పట్టుకొని పోమా? రవికె గుడ్డ కొలతకు పాత రవికెను దర్జీకి ఇయ్యమా? కారు సామాను దగ్గఱకు వచ్చునప్పటికి ఆ తెలివిని ఏల మఱచితిమి? తెరమీద బొమ్మ పెద్దదిగా కనబడుటచేత చేతిలోని ముక్క చిన్నదైపోయినది.

మఱునాడు పాత సిలిండరు విప్పించి, గుడ్డలో చుట్టుకొని, ఆయనతో సిరిసిల్లకు పోయితిమి. అక్కడి వృద్ధ మెకానిక్కు దానిని కిరసనాయిలుతో కడిగి, మసి తుడిచి, దానిపై పోతపోసిన అంకెలను మాకు చూపెను. కొలత పనిముట్టుతో లోపలి గుండ్రమును కొలిచి కాగితముమీద వ్రాసెను. అంబాసిడరన్న పేరొక్కటే గాని బండ్లు అనేకములని ఆయన వలన తెలిసికొంటిమి. మార్క్ 1, మార్క్ 2, మార్క్ 3 గడచి 1979 లో మార్క్ 4, 1990 లో నోవా వచ్చెను. ఆ తరువాత జపాను వారి ఇసుజు ఇంజను గలది వచ్చెను. మాది 1489 సీసీల పాత పెట్రోలు ఇంజను. దాని బోల్టులు అంగుళముల లెక్కవి. ఇసుజువి మిల్లీమీటరుల లెక్కవి. కాన “అంబాసిడరుకు సరిపోవును” అనుట “మనుష్యునకు సరిపోవు చొక్కా” అన్నట్లే యున్నది.

ఇంజను ఆయిలు సంగతి ఆయనతో ప్రస్తావించితిమి. ఆయన నొసలు కొట్టుకొని, పాత రబ్బరు వాషరులు రెండు మా చేతికిచ్చి, “ఇంటికాడ మీరే సూడుండ్రి” అనెను.

సోదరీమణులారా! ఆ పరీక్ష మేము మా చేతులతో చేసితిమి. పాత మందు సీసాలు రెండు తెచ్చి, ఒకదానిలో ఇంజను ఆయిలు, రెండవదానిలో క్రొత్త డబ్బానుండి బ్రేకు ఆయిలు పోసి, ఒక్కొక్క వాషరును వేసి, పేర్లు వ్రాసి, పిల్లల కందని చోట పెట్టితిమి. ఈ ద్రవము విషము, కావున వంట పాత్రలలో పోయరాదు. పరీక్ష ముగిసిన పిమ్మట ఆ సీసాలను మరల వాడరాదు. నాలుగవ దినమున తీసి చూడగా, బ్రేకు ఆయిలులోనిది పెట్టినది పెట్టినట్లే యున్నది. ఇంజను ఆయిలులోనిది నానిన శనగగింజవలె ఉబ్బి, మెత్తబడి, రెండవదానితో జతకు రాకపోయెను. బ్రేకు త్రొక్కినప్పుడు మన కాలి బలమును పైపులలోని ద్రవమే నాలుగు చక్రములకును చేర్చును. ఆ ద్రవము కారిపోకుండ ఆపునది ఈ రబ్బరు ముక్కయే. అది ఉబ్బినచో బ్రేకు బిగిసిపోవును, చెడినచో ద్రవము కారిపోవును. నవ్వుచు చెప్పిన ఆ పెద్దమనిషి మాట విని కొండ దిగియుండిన మాగతి యేమగును? వేలకొలది మెచ్చుకోలులు ఆ రబ్బరును ఉబ్బకుండ ఆపగలవా?

ఇంకొక సంగతియు తెలిసినది. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ చేరినది కొండదారిలో వేడెక్కి త్వరగా మఱిగి ఆవిరియగును. అప్పుడు కాలు ఖాళీగా దిగిపోవును. కాన మూత తీసి ఏండ్ల తరబడి యుంచిన డబ్బా ఎంత మంచి పేరుదైనను పనికిరాదు.

అంతమాత్రమున తెరమీది మాటలన్నియు అసత్యములని మేమనము. మఱది పంపినవానిలోనే ఒక వీడియో మాకెంతయో ఉపకరించినది. అందులో ఒక వృద్ధుడు ఆర్భాటము లేక, తన చేతిలోని సిలిండరుపై అంకెను చూపి, కొలిచి, “ఇది నా మార్క్ 4 బండికి సరిపోయినది, ఇతర బండ్ల సంగతి నేను చూడలేదు” అని చెప్పెను. ఆయన అంకెయు మా ముక్కమీది అంకెయు ఒకటియే. కంపెనీవారు పూర్వము అచ్చువేసిన మరమ్మతు పుస్తకపు పుటను గూడ ఆయన చూపెను. “చూడలేదు” అన్న ఆ యొక్క మాటచేతనే మాకాయనయందు గౌరవము గలిగెను. తెలియనిదానిని తెలియదనువాని నోటనుండి వచ్చు తెలిసిన మాటకే విలువ.

సత్యమైన మాటయు మనకు చేటు చేయవచ్చును. ఇంగ్లండులోని పాత మోరిస్ కారుగల దొరగారొకరు బ్యాటరీ ధనధ్రువమును బండి ఇనుమునకు కలుపవలెనని వ్రాసిరి. ఆ కాలపు ఇంగ్లీషు కార్లలో చాలవానికి అదియే పద్ధతి. కాని తరువాతి బండ్లకు ఋణధ్రువమును కలుపుట వాడుకయైనది. మన బండిని చూడక ఆ మాట పట్టుకొన్నచో విద్యుత్పరికరములు కాలిపోవును. పెట్రోలులో 20 పాళ్లు ఇథనాలు కలుపుట వచ్చిన పిదప, పాత బండ్లన్నియు మూలబడునని ఒకరు, ఏమియు కాదని వేఱొకరు సందేశములు పంపుచున్నారు. ఇథనాలు తేమను లాగుననియు, దాని కొఱకు చేయని పాత రబ్బరు పైపులను క్రమముగా చెఱచుననియు తెలిసికొని ఆ పైపులను మార్చుకొన్నవారికి ఆ రెండు కేకలతోను పనిలేదు.

ఇప్పుడు మా యింట ఏ మాట వచ్చినను కొన్ని ప్రశ్నలడుగుచున్నాము. చెప్పువాడు తన చేతులతో చేసినాడా, విన్నది చెప్పుచున్నాడా? మన వస్తువును గూర్చియే చెప్పుచున్నాడా, దాని పేరుగల మఱియొకదానిని గూర్చియా? ఆ మాట నమ్మినచో వానికేమి లాభము? నలుగురు చెప్పినది నాలుగు నోళ్ల మాటయా, ఒక నోటిదా? ఎప్పుడు చెప్పినది? తప్పైనచో మనకు కలుగు నష్టమెంత? ఈ కడపటి ప్రశ్నయే ముఖ్యము. సీటు గుడ్డ రంగు తప్పైన నవ్వులపాలగుదుము. బ్రేకు తప్పైన ప్రాణములు పోవును. నష్టము పెద్దదగుకొలది సాక్ష్యము గట్టిదిగా నుండవలెను. సిరిసిల్ల పెద్దమ్మ గుడ్డ కొనునప్పుడు అంచునుండి ఒక పోగు లాగి దీపమున కాల్చి చూచును. నూలైన కాగితమువలె కాలి బూడిదయగును, పాలియెస్టరైన కరగి ముద్దకట్టును. దుకాణదారు ఎన్ని ఒట్లు పెట్టుకొన్నను ఆమె పోగునే అడుగును. అదియే మా యిప్పటి పద్ధతి.

మఱదికి ఇదంతయు చెప్పుటకు కొంత సంకోచించితిమి. పగలెల్ల ఎండలో పనిచేసి, రాత్రి నిద్రమాని పంపిన బిడ్డడు గదా! “నీ ప్రేమయందు సంశయము లేదు, నీకు చెప్పినవానియందే సంశయము” అని వ్రాసితిమి. అతడు నొచ్చుకొనలేదు. అప్పటినుండి ఏది పంపినను “వదినా, ఇది నేను చూచి పంపుతున్న” అనియో “చూడలేదు, మీరే చూడుండ్రి” అనియో వ్రాయుచున్నాడు.

మొక్కు దినమునకు బండి సిద్ధము కాలేదు. మేము అత్తగారిని బస్సులో వేములవాడకు తీసికొని పోయితిమి. కోడె మొక్కు చెల్లినది గాని త్రోవపొడుగున ఆమె మాతో నొక్క మాట యాడలేదు. ఆ మౌనమును భరించుట కష్టమయ్యెను. నెల దాటిన పిమ్మట సరియైన సిలిండరు, క్రొత్త రబ్బరులు, క్రొత్త ఆయిలు వేయించి, సిరిసిల్ల మెకానిక్కు తానే ప్రక్కను కూర్చుండి పదిమారులు ఆపి చూచిన తరువాత, ఒక మంగళవారమునాడు కొండగట్టునకు బయలుదేరితిమి. దర్శనమైన పిదప మా వారు మెల్లగా ఘాటు దిగిరి. ప్రతి మలుపునను కాలు త్రొక్కినంతనే బండి అణగి మణగి నిలిచెను. క్రిందికి చేరిన తరువాత అత్తగారు ముందు సీటుమీది తువాలును తీసి, ముఖము తుడుచుకొని, దానిని మడచి మా చేతికిచ్చిరి.

“ఇగ ఉతికి దాసిపెట్టు బిడ్డా” అనిరి.